పిల్లల రాత్రి జడుపు – నమ్మకమూ, వైద్యమూ

మాకు తొమ్మిదేళ్ళు, మా తమ్మునికి ఐదేళ్ళు ఉన్నప్పటి మాట. వాడు పడుకున్న గంట, గంటన్నరకు కెవ్వున కేకవేసి లేచి కూర్చునేవాడు. కళ్ళు తెరిచే ఉండేవి గాని, అమ్మీని సైతం గుర్తుపట్టేవాడు కాదు. ఒళ్ళంతా చెమట, గుండె దడ. పది నిమిషాలకు మళ్ళీ నిద్రపోయేవాడు. తెల్లవారి అడిగితే ఏమీ ఎరుగనట్టు చూసేవాడు. వాడకట్టులో ఒకరు "జడుసుకున్నడు" అన్నారు, మరొకరు "సాయా పడ్డది" అన్నారు. చివరకు ఒకాయన వచ్చి కడుపు మీద వాతలు పెట్టిండు. ఆ మచ్చలు నేటికీ పోలేదు. అందుకే ఈ విషయమై నాలుగు మాటలు రాయదలచాము.

ఈ భయం ఒక మతానిది కాదు, ఒక దేశానిది కాదు. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో పిల్లలను పట్టే తొమ్మిది గ్రహాల గూర్చి ఉన్నది. శకుని, రేవతి, పూతన వాటిలోనివే. భాగవతంలోని పూతన పేరు తెలియని తెలుగువారుండరు. మన ఇళ్ళలో వినిపించే పేరు ఉమ్ముస్సిబియాన్, అనగా 'పిల్లల తల్లి'. జనం దానిని పిల్లలను పట్టే జిన్నుగా తలచారు. యునానీ హకీములు అదే పేరును పిల్లలకు వచ్చే ఒక వ్యాధికి పెట్టారు. పేరు ఒక్కటే, దారులు రెండు.

పదవ శతాబ్దంలో బుఖారా వైద్యుడు అఖవైనీ, నిద్రలో ఎదమీద బరువు పడ్డట్లయ్యే 'కాబూస్'కు కారణం కడుపులోని ఆవిర్లు మెదడుకెక్కడమేనని ఫార్సీలో రాశాడు. ఇబ్నె సీనా (980–1037) తన 'అల్ ఖానూన్'లో కాబూస్‌ను మెదడు రోగాల వరుసలో చేర్చాడు. ఆవిర్ల మాట నేడు నిలువదు. అయినా కారణాన్ని శరీరంలోనే వెతకాలన్న బుద్ధి మన హకీములకు వెయ్యేళ్ళ కిందటే ఉన్నది.

మరి తావీజు సంగతి? నిద్రలో భయపడితే చదువవలసిన దుఆను హజ్రత్ అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి) ఎదిగిన పిల్లలకు నేర్పేవారనీ, పసివాళ్ళకు రాసి మెడలో వేసేవారనీ అబూ దావూద్, తిర్మిజీ సంకలనాలలో ఉన్నది. దక్కన్ వాసి జాఫర్ షరీఫ్ రాయగా 1832లో లండన్‌లో అచ్చయిన 'ఖానూనె ఇస్లాం'లో ఈ ప్రాంతపు తావీజులు, భూతవైద్యం వివరంగా కనిపిస్తాయి. 1856లో పరమపదించిన హజ్రత్ అఫ్జల్ బియాబానీ వారి కాజీపేట దర్గాకు నేటికీ హిందువులు, ముస్లింలు ఇద్దరూ వస్తారు. దుఆతో తల్లి మనసు కుదుటపడుతుంది, దానిని కాదనము. వాతలు పెట్టడం మాత్రం దుఆ కాదు, హింస.

1968లో బ్రాటన్ అనే వైద్యుడు దీనిని గాఢనిద్ర నుండి సగం మాత్రమే మేల్కొనడంగా వివరించాడు. పీడకల సాధారణంగా తెల్లవారుజామున వస్తుంది, గుర్తుంటుంది. ఇది తొలిజాములో వస్తుంది, గుర్తుండదు. నిద్ర చాలకపోవడం, జ్వరం, దిగులు, గురక వచ్చేలా శ్వాస అడ్డుపడడం దీనిని రేపుతాయి. వంశంలో కూడా ఉంటుంది. చాలామందికి యుక్తవయసు నాటికి దానంతటదే పోతుంది. కనుకనే చివరగా ఎవరు ఏమి చేస్తే ఆ ఘనత వారికే దక్కుతుంది! మా తమ్మునికి పదకొండో ఏట తగ్గింది. వాతలు పెట్టింది ఐదో ఏట.

బిడ్డ అట్లా లేచినప్పుడు కుదిపి లేపకండి. దెబ్బ తగలకుండా పక్కన కూర్చోండి. వేళకు పడుకోబెట్టండి. కాళ్ళూచేతులు కొట్టుకున్నా, ఒకే రాత్రి పలుమార్లు వచ్చినా, పగలు కూడా వచ్చినా డాక్టరుకు చూపండి. 1959లో కాకతీయ మెడికల్ కాలేజీ వచ్చిన ఊరు మనది. 'ఆడపిల్లకు జిన్ను పట్టిందంటే సంబంధాలు రావు' అని దాచిపెట్టకండి. దుఆ చేయండి, దవా కూడా ఇప్పించండి. బిడ్డ ఒంటిమీద మాత్రం మచ్చ పడనీయకండి.