నడతే సాక్ష్యం: డోర్నకల్ చరిత్రలో ఒక అధ్యాయం

కాజీపేట నుంచి విజయవాడ వెళ్లే రైలుమార్గంలో డోర్నకల్ ఒక కూడలి. సింగరేణి బొగ్గు గనుల ప్రాంతానికి శాఖామార్గం ఇక్కడే చీలుతుంది. నేడు తెలంగాణలోని మహబూబాబాద్ జిల్లాలో ఉన్న ఈ ఊరు ఒకనాడు నిజాం రాజ్యంలోనిది. ఇక్కడి ఎపిఫనీ కెథడ్రల్‌ను తొలిసారి చూసిన బాటసారి అది గుడో, మసీదో, చర్చో తేల్చుకోలేక ఒక క్షణం ఆగిపోతాడు. గుమ్మటాలు, మినార్లు ఇస్లామీయ వాస్తును, స్తంభాలు దేవాలయ మండపాన్ని స్ఫురింపజేస్తాయి. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన ఈ మందిరానికి రూపకల్పన వెనుక ఉన్న వ్యక్తి బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య.

అజరయ్య తెలుగువాడు కాడు. 1874లో తమిళదేశంలోని తిరునెల్వేలి ప్రాంతంలో, వెల్లాలన్‌విలై అనే చిన్న గ్రామంలో జన్మించాడు. తండ్రి హిందూమతం నుంచి క్రైస్తవాన్ని స్వీకరించి గ్రామ పాదిరిగా పనిచేసినవాడు. వారిది నాడార్ కులం. ఆ రోజుల్లో ఆ కులంవారికి అనేక అవమానాలుండేవి. ఈ నేపథ్యాన్ని మరచిపోతే అజరయ్య తరువాతి జీవితం సరిగా అర్థం కాదు. వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణాది అంతటా తిరిగిన ఆయన 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపనలో ప్రధానపాత్ర వహించాడు. భారతీయుల ధనంతో, భారతీయుల శ్రమతో, విదేశీ నిధుల ప్రమేయం లేకుండా పనిచేయాలన్నది ఆ సంస్థ సంకల్పం. ఆ సంస్థ ఎంచుకున్న క్షేత్రమే డోర్నకల్. 1909లో మంచి ఉద్యోగాన్ని విడిచి, భాష కొత్తదైన ఆ ప్రాంతానికి ఆయన స్వయంగా తరలివచ్చాడు. తెలుగు నేర్చుకొని, ఎడ్లబండి మీద గ్రామాలు తిరిగాడు.

1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన చేసిన ప్రసంగం సభికులలో కలకలం రేపింది. పాశ్చాత్య మిషనరీల త్యాగాన్ని ఆయన కాదనలేదు. వారు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, అయితే భారతీయ సహోద్యోగిని ఇంటికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకొని భోంచేయడం మాత్రం వారిలో చాలామందికి చేతకాలేదన్నాడు. మాకు కావలసింది స్నేహితులు అని ఆయన ప్రసంగాన్ని ముగించాడు. ఆ సభలో ఉన్నవారిలో కొందరు నొచ్చుకున్నారు. వేదికపై చెప్పే ప్రేమ భోజనాల బల్ల దగ్గర మాయమైతే ఆ ప్రేమను ఎవరూ నమ్మరని ఆయన ఉద్దేశం. ప్రవర్తనను గీటురాయిగా చేసుకొని ఆయన మొదట పరీక్షించింది తన తోటి క్రైస్తవులనే.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో అజరయ్య బిషప్‌గా అభిషిక్తుడయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. డోర్నకల్ అధ్యక్ష మండలం కాలక్రమేణా ఆంధ్ర జిల్లాలకు కూడా విస్తరించింది. దానిలో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ కులాల వ్యవసాయ కూలీలు. చదువు లేదు, భూమి లేదు, ఊరి బావి నీరు లేదు. వీరి మధ్య బిషప్ పోరాడిన శత్రువులు నాలుగు: మురికి, రోగం, అప్పు, తాగుడు. బాప్తిస్మం పొందే ప్రతివారూ తల మీద చెయ్యి పెట్టుకొని, తాను పొందిన శుభవార్తను ఇతరులకు చెప్పకపోతే తనకు శ్రమ అని ప్రమాణం చేయాలని ఆయన నియమం పెట్టాడు. చదవడం రాని కూలి మనిషి ఏమి చెప్పగలడు? అతడు చెప్పగలిగింది తన బతుకులో వచ్చిన మార్పు మాత్రమే.

ఆ మార్పు గ్రామంలో అందరి కళ్లకూ కనిపించేది. కల్లు మానినవాడి ఇంట్లో సాయంత్రం గొడవ వినిపించదు. చచ్చిన గొడ్డు మాంసం మానడం, ఊరి జాతరల్లో డప్పు కొట్టడానికి నిరాకరించడం, ఆదివారం పనికి రాకపోవడం గ్రామ పెద్దలకు కంటగింపుగా ఉండేవి. పిల్లలు పలక పట్టుకొని బడికి పోవడం మరీ వింత. స్త్రీలు వంటకు కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి చర్చికి ఇచ్చేవారు. పేదవాడు పుచ్చుకొనేవాడే కాదు, ఇచ్చేవాడు కూడా కాగలడని ఆ పిడికెడు బియ్యం చాటింది. దీని వెనుక అజరయ్య భార్య అన్బు వంటి స్త్రీలు పల్లెల్లో చేసిన కృషిని చరిత్రకారులు తగినంతగా పట్టించుకోలేదనిపిస్తుంది.

1930ల నాటికి విశేషమైన పరిణామం ఒకటి కనిపించింది. తెలుగు జిల్లాల్లో కొన్ని చోట్ల శూద్ర కులాల రైతులు కూడా క్రైస్తవంలో చేరసాగారు. దీనిని పరిశీలించిన అమెరికన్ మిషనరీ జె. వాస్కమ్ పికెట్, తమ పాలేళ్ల జీవితంలో కలిగిన మార్పే ఈ రైతులను ఆకర్షించిందని 1938లో ప్రకటించిన గ్రంథంలో వివరించాడు. కులవ్యవస్థలో బోధ పైనుంచి కిందికి దిగుతుందని అందరి నమ్మకం. ఇక్కడ మాత్రం అది కిందినుంచి పైకి పాకింది.

సరిగ్గా ఆ కాలంలోనే మతాంతరీకరణపై గాంధీజీ విమర్శ తీవ్రమైంది. 1935 అక్టోబరులో యేవలలో అంబేద్కర్, తాను హిందువుగా మరణించనని ప్రకటించడంతో దళితుల మతం దేశవ్యాప్త చర్చనీయాంశమయింది. గులాబీ తన సువాసన గురించి ఉపన్యసించదని, క్రైస్తవులు కూడా నోరు మెదపకుండా జీవించి చూపాలని గాంధీజీ పలుమార్లు హితవు చెప్పారు. సౌందర్యమున్న వాదమిది. అయితే 1936లో జాన్ మాట్‌తో సంభాషిస్తూ ఆయన, హరిజనులకు మతబోధ చేయడాన్ని ఆవుకు సువార్త చెప్పడంతో పోల్చారు. ఆ పోలిక చాలామందిని గాయపరచింది. దళితుడు స్వయంగా ఆలోచించి మతాన్ని ఎంచుకోలేడన్న ఊహ అందులో ధ్వనించింది.

అజరయ్యకు గాంధీజీ మీద గౌరవం లేకపోలేదు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు అక్కరలేదని ఆయన వాదించాడు కూడా. కాని మౌనమే చాలునన్న మాటను ఆయన అంగీకరించలేదు. తరతరాలుగా నోరు మూయించబడ్డవాడికి మౌనాన్ని ధర్మంగా బోధించడంలోని విపరీతం ఆయనకు తెలిసినంతగా ఇతరులకు తెలిసి ఉండకపోవచ్చు. నడతలో మార్పు లేని మాట వ్యర్థం. తనలో వచ్చిన మార్పుకు కారణమేమిటో చెప్పుకొనే హక్కు మాత్రం ఆ మనిషిది. ఈ రెంటినీ ఆయన విడదీయలేదు. ఎవరి వాదం సరైనదో పాఠకులే తేల్చుకోవచ్చు. అయితే గులాబీ పోలికను సమర్థించే ఉదాహరణలు కావాలంటే ఆ రోజుల్లో డోర్నకల్ పల్లెల్లోనే అవి దండిగా దొరికేవని ఒప్పుకోక తప్పదు.

ఈ చరిత్రకు నీడలు లేకపోలేదు. మాల, మాదిగల మధ్య భేదాలు చర్చి గడప దాటి లోపలికి కూడా వచ్చాయి. ఒకే గిన్నెలోని ద్రాక్షారసాన్ని పంచుకొనే సంస్కారంలో ఎవరు ముందు, ఎవరు వెనుక అన్న తగవు అనేక సంఘాలను వేధించింది. ఒకే గిన్నె, ఒకే వరుస అని అజరయ్య పట్టుబట్టినా ఆ చిక్కు ఆయన జీవితకాలంలో తీరలేదు. 1938లో తాంబరం మద్రాసు క్రైస్తవ కళాశాలలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభకు ఆతిథ్యమిచ్చిన ప్రముఖులలో ఒకడై, భిన్న క్రైస్తవ శాఖల ఐక్యత కోసం చివరి వరకూ శ్రమించిన ఆయన 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూశాడు. ఆయన ఆశించిన దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న అవతరించింది. ఆయన సమాధి ఆ కెథడ్రల్ ఆవరణలోనే ఉంది.