ఛార్జింగు రంధ్రము వెంట పాటయు బొమ్మయు

ఈ పూట నేను చెప్పదలచినది రాజుల చరిత్ర కాదు, యుద్ధముల చరిత్రయు కాదు. మన యిండ్లలో నేడు పిల్లవాని మొదలు ముసలివానివఱకు అందఱి చేతులలోను మెలగుచున్న స్మార్టుఫోను అడుగంచున చింతగింజకంటె చిన్నదైన రంధ్రమొకటి యున్నది. రాత్రి పండుకొనునప్పుడు దానిలో ఛార్జరు తీగ గ్రుచ్చి, తెల్లవారిన పిమ్మట ఊడబెఱుకుదుము. అంతకుమించి దానిని పరికించి చూచువారరుదు. ఆ రంధ్రముననే విద్యుత్తు లోనికి పోవుటయు, లోనున్న పాటయు బొమ్మయు వెలికి వచ్చుటయు ఎట్లు సాధ్యమైనదో, సాధ్యమైనదని లోకము చాటుచుండగా కొన్ని ఫోనులలో అది యేల జరుగదో, ఆ వృత్తాంతమే నేటి ప్రసంగ విషయము.

నాకు ఈ చింత పుట్టుటకు కారణము చెప్పెదను. చంద్రగిరికి చేరువనున్న మా గ్రామములో ద్రౌపదీ ధర్మరాజుల గుడి యున్నది. చిత్తూరు సీమలో భారతమన ఎట్టి ఉత్సవమో మీకు నేను చెప్పనక్కఱలేదు. పదునెనిమిది దినములు పగలు హరికథ, రాత్రి వీధినాటకము. అర్జునుడు తపసు మ్రానెక్కుట, కడనాడు మట్టితో చేసిన దుర్యోధనుని పడగొట్టుట, సాయంకాలము అగ్నిగుండము త్రొక్కుట. మా యూర నలువదేండ్లు వరుసగా హరికథ చెప్పిన భాగవతారుగారు 2022లో కడసారి కాలికి గజ్జె కట్టిరి. ఆ దినము వారి మనుమడు పందిరి గుంజకు ఆనుకొని నిలిచి, తన ఫోనులో ఆ కథను నాలుగు ముక్కలుగా బొమ్మ తీసెను. మఱుసటి యేడు ఉత్సవమునకు పెద్దాయన లేరు. ఆయన గొంతు మాత్రము ఆ ఫోనులో నున్నది, అది యొక్కటే ప్రతి.

ఆ యేడు గుడి పెద్దలము కూడి, భజనగుడిలోని పెద్ద టీవీని పందిటిలోనికి తెచ్చి, పాత కథను ఊరందఱికి చూపుదమని తలచితిమి. ఫోనును చేతబట్టి చూచిన నలుగురికి మించి కనబడదు. పందిటిలోని సందడిలో దాని గొంతు ఇద్దఱికి మించి వినబడదు. నేను తిరుపతికి పోయి ఒక అంగడిలో, ఒక కొస ఫోనునకును మఱియొక కొస టీవీకిని తగులుకొను కేబులు నడిగితిని. "టైప్-సీ రంధ్రమైన యెడల పనిచేయును స్వామీ" అని అంగడివాడు నమ్మబలికెను. తెచ్చి తగిలించితిమి. ఫోను ఛార్జింగునకు మాత్రము పెట్టినట్లు కూర్చున్నది. టీవీ మీద నల్లని తెర, దాని నడుమ సంకేతము లేదను రెండు మాటలు. తిప్పి గ్రుచ్చితిమి, ఊది గ్రుచ్చితిమి, వేఱొక కేబులు తెప్పించితిమి. ఫలము సున్న. నా వలన ఊరి సొమ్ము వ్యర్థమైనదను సిగ్గుతో ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తరువాత విచారింపగా, ఇది నా యొక్కని తెలివితక్కువ కాదనియు, దీని వెనుక పదునైదేండ్లకు మించిన చరిత్ర యున్నదనియు తెలిసినది.

మొదట ధ్వని మాట. టేపురికార్డరులకు, ట్రాన్సిస్టరు రేడియోలకు చెవిలో పెట్టుకొను గొట్టము గ్రుచ్చుటకు గుండ్రని రంధ్రముండుట మీకు తెలియును. పూర్వము టెలిఫోను ఎక్స్చేంజీలో ఆపరేటరు ఒక తీగ కొస తీసి వేఱొక రంధ్రమున గ్రుచ్చి ట్రంకు కాలు కలుపుచుండెను గదా, ఆ లోహపు కొసయే కాలక్రమమున సన్నగిల్లి మూడున్నర మిల్లీమీటర్లకు వచ్చినది. పందొమ్మిదవ శతాబ్దపు వస్తువు నేటికిని చెక్కుచెదరక పనిచేయుచున్నదన్న, దాని సుగుణమేమి? ఏ కంపెనీ గొట్టమైనను ఏ కంపెనీ రంధ్రమునకైనను సరిపోవుటయే. ఈ సుగుణమును తరువాతివారు చేజేతుల పోగొట్టుకొనిరి.

2008లో ఆండ్రాయిడు పద్ధతిమీద నడచు తొలి ఫోను బజారునకు వచ్చెను. తైవాను దేశపు హెచ్‌టీసీ వారు దానిని చేసిరి. దానికి గుండ్రని రంధ్రమే లేదు. ఛార్జింగు రంధ్రమునే కొంచెము మార్చి, ఎక్కువ తీగలు పెట్టి, పాటను గూడ ఆ దారినే పంపిరి. ఇదియు తొలి యత్నము కాదు. ఆపిల్ వారు 2003 నుండి తమ ఐపాడులకు ముప్పది కాళ్ల వెడల్పు రంధ్రము పెట్టి, అందు విద్యుత్తునకు కొన్ని కాళ్లు, పాటకు కొన్ని, పిమ్మట బొమ్మకు కొన్ని పంచియిచ్చిరి. ఇంటికి వాకిళ్లు పెక్కు పెట్టుట కంటె ఒకటే పెట్టి దానినే అన్నిటికి వాడుకొనుట లాభమని కర్మాగారములవారి యెన్నిక. దుమ్ము తక్కువ చేరును, నీరు తక్కువ దూరును, లోపల చోటు మిగులును.

బొమ్మ మాట వేఱు. అది ధ్వనికంటె బరువైన సరకు. టీవీ వెనుక బొమ్మ తెచ్చు కేబులు కొనయందు పందొమ్మిది కాళ్లున్నవి. నాటి ఫోనులలోని చిన్న ఛార్జింగు రంధ్రములోనో అయిదే. అందు రెండు విద్యుత్తునకు, రెండు సమాచారమునకు, ఒకటి తగిలినది యేదో ఆనవాలు పట్టుటకు. పందొమ్మిది తీగల బరువును అయిదింటి మీద మోయించుట యెట్లు? 2010లో నోకియా, శాంసంగ్, సోనీ, తోషిబా, సిలికాన్ ఇమేజ్ అను అయిదు సంస్థలు కూడి ఎమ్‌హెచ్‌ఎల్ అను నొక విధానము నేర్పఱచిరి. ఆనవాలు పట్టు తీగ మీద ఒక గుర్తు తగులగానే, ఫోను తన సమాచారపు తీగలను మార్చివేసి, వాని మీదుగానే బొమ్మను ధ్వనిని కలిపి మిక్కిలి వేగముగ వదలును. దారి యదే, దానిమీద నడచు బండి మాఱును. 2011లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఎస్2 ఫోనులో ఈ విద్య చక్కగా పనిచేసెను.

అయితే మఱుసటి యేడే వచ్చిన ఎస్3 ఫోనులో ఆ సంస్థవారే రంధ్రము లోపల కాళ్లను పదునొకటికి పెంచిరి. పైకి చూడ రంధ్రమదే. పాత పరికరము తగులును గాని బొమ్మ రాదు. అదే 2012లో గూగుల్ వారి నెక్సస్ 4 ఫోను స్లిమ్‌పోర్టు అను వేఱొక విధానము పట్టెను. ఆ రంధ్రము సైతము పైకి అచ్చముగా అదే. ఎమ్‌హెచ్‌ఎల్ పరికరము దానికి చెల్లదు, దాని పరికరము దీనికి చెల్లదు. ఒకే వాకిటి ముందు నిలిచి ఒకరు అరవము, ఒకరు కన్నడము మాటలాడినట్లాయెను. 2015 నాటి ఎస్6 ఫోనులో శాంసంగ్ వారు ఆ విద్యనే మానివేసిరి.

ఆపిల్ వారి దారి మఱియొక వింత. 2012లో ముప్పది కాళ్ల రంధ్రమును తీసివేసి, ఎనిమిది కాళ్ల లైట్నింగు రంధ్రము తెచ్చిరి. అందు బొమ్మకని ప్రత్యేకముగ కాళ్లు లేవు. మఱి టీవీకి తగిలించు వారి పరికరము ఎట్లు పనిచేసెను? 2013లో కొందఱు దానిని కోసి చూడగా, బొటనవ్రేలంత ముక్కలో చిన్న కంప్యూటరే దాగియున్నది! ఫోను బొమ్మను మూటగట్టి పంపగా, ఆ ముక్క విప్పి టీవీకి అందించుచుండెను.

ఈ కాలముననే మన సీమ కథ కలియుచున్నది. సత్యవేడు వైపు, తమిళనాటి సరిహద్దున, నాడు చిత్తూరు జిల్లాలోను 2022 నుండి తిరుపతి జిల్లాలోను చేరిన శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ వారి కర్మాగారమున షావోమీ ఫోనులు తయారగుట కారంభమైనది. అచ్చట తయారైన తొలి ఫోనును 2015 ఆగస్టు 10వ తేదీన విశాఖపట్టణములో ప్రకటించిరి. దాని పేరు రెడ్మీ 2 ప్రైమ్. దానికి పాటకొక గుండ్రని రంధ్రము, ఛార్జింగునకొక చిన్న రంధ్రము, రెండును వేఱువేఱుగ నుండెను. అటుపిమ్మట తిరుపతి చెంత టెలివిజన్లు చేయు డిక్సన్ వారును, ఏర్పేడు మండలము వికృతమాలలో తెరలు చేయు టీసీఎల్ వారును, ఐఫోనులకు ఛార్జింగు కేబుళ్లు చేయు ఫాక్స్‌లింక్ వారును వచ్చి చేరిరి. 2023 ఫిబ్రవరిలో ఈ కడపటి కర్మాగారమునకు నిప్పంటుకొని పని నిలిచిన వార్త దేశదేశముల పత్రికలలో వచ్చెను. ఫోను, కేబులు, టీవీ, మూడును మన ముంగిటనే తయారగుచుండగా, వానిని మూడింటిని కలుపజాలక నేను భజనగుడిలో తల పట్టుకొని కూర్చుంటిని!

నా చిక్కు విడదీసినది ఎవరో పండితుడు కాదు, శ్రీసిటీలోని ఫోనుల కర్మాగారమున పనిచేయు మా యూరి పిల్ల. సెలవునకు వచ్చి, మా తంటా విని, కేబులును ఇటునటు త్రిప్పి చూచి నవ్వెను. "బొక్క అన్నిటికీ ఒకటే పెట్టిండారు పెద్దనాయనా, లోపల తీగలు మాత్రం అన్నిటికీ ఏసిండ్లేదు" అనెను. ఇన్ని సంవత్సరముల చరిత్రయు ఆ యొక్క మాటలో నున్నది.

దాని అర్థము వివరించెదను. 2014లో టైప్-సీ రంధ్రము నిర్ణయమైనది. పైన పండ్రెండు, క్రింద పండ్రెండు, మొత్తము ఇరువదినాలుగు కాళ్లు. ఎటు త్రిప్పి గ్రుచ్చినను సరిపోవును. అందు నాలుగు జతలు అతివేగపు తీగలు. అదే యేట డిస్‌ప్లేపోర్టు అను బొమ్మల విధానమును ఆ జతలమీద నడపుటకు ఒప్పందము కుదిరినది. కేబులు తగులగానే ఫోనును పరికరమును ఒక సన్నని తీగమీద ముందుగా మాటలాడుకొని, ఎవరికేమి వచ్చునో అడిగి తెలిసికొని, పిమ్మట బొమ్మను వదలును. 2017 నాటి గెలాక్సీ ఎస్8, 2023 నాటి ఐఫోను 15 ఇట్టివే. కాని వెల తక్కువ ఫోనులలో ఆ నాలుగు జతలకు లోపల తీగలే కలుపరు. విద్యుత్తునకును, పాతకాలపు నెమ్మది సమాచారమునకును చాలినన్ని మాత్రమే కలుపుదురు. అందువలన బొమ్మకు దారి లేదు. ఇది లోపము కాదు, మోసమును కాదు, ధరను బట్టి చేసిన పొదుపు. ఆ సంగతి పెట్టెమీద పెద్ద అక్షరములతో వ్రాయకుండుట మాత్రము తప్పని నా యభిప్రాయము. ఐరోపా దేశములవారు 2022లో చట్టము చేసి, 2024 డిసెంబరు 28 నుండి అమ్మబడు ఫోనులన్నిటికి టైప్-సీ రంధ్రమే యుండవలెనని శాసించిరి గాని, ఆ శాసనము ఛార్జింగునకే. బొమ్మ వెలువడవలెనని అందు లేదు.

పాట విషయమునను ఇట్టి తిరకాసే. 2016లో లీఈకో వారును, అదే సెప్టెంబరులో ఐఫోను 7తో ఆపిల్ వారును గుండ్రని రంధ్రమును ఎత్తివేసిరి. టైప్-సీ రంధ్రమునకు తగిలించి గుండ్రని గొట్టము పెట్టుకొను తోకముక్కలు అంగళ్లలో దొఱకుచున్నవి. అవి రెండు జాతులు. ఫోనులో పాట అంకెల రూపమున నుండును. ఆ అంకెలను మరల ధ్వనితరంగముగ మార్చు యంత్రము ఒక జాతి తోకలో నున్నది, రెండవదానిలో వట్టి తీగయే. వట్టి తీగ, ఫోనే తరంగమును చేసి యిచ్చిననే పలుకును. రెండును చూపునకు కవలపిల్లలు. కొనువారు యంత్రమున్నదానినే అడిగి కొనవలెను. అది నెమ్మది తీగల మీద సైతము నడచును గనుక వెల తక్కువ ఫోనులలో పెక్కింట పనిచేయును.

ఈ సందర్భమున తిరుమల గుర్తునకు రాక మానదు. తాళ్లపాకవారు సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి కొండమీది భాండారమున దాచిరి. శతాబ్దముల పిమ్మట ఆ రేకులు వెలికి వచ్చినప్పుడు మాటలు చెక్కుచెదరక వచ్చినవి, రాగము పేరు గూడ వచ్చినది, కాని నాటి పాట రాలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి విద్వాంసులు కూర్చుండి మరల స్వరము కట్టవలసి వచ్చెను. మా భాగవతారుగారి కథకు స్వరము కట్టగలవారెవరును లేరు.

మా యూరి పిల్ల చెప్పిన ఉపాయము సులువైనది. బొమ్మను పాఱుచున్న నీటివలె టీవీకి పంపుటకు ఆ ఫోనులో దారి లేదు గాని, కుండలో నింపి మోసికొనిపోవుటకు దారి యున్నది. ఫోను తానే యజమానియై పెన్‌డ్రైవునకు సమాచారము పంపు విధానము 2001 నుండియు యూఎస్‌బీవారి నిబంధనలలో నున్నది, దానికి నెమ్మది తీగలే చాలును. ఒక కొస టైప్-సీయు, మఱియొక కొస పాత వెడల్పు యూఎస్‌బీయు నున్న పెన్‌డ్రైవును ఆమె తన సంచినుండి తీసి, ఫోనునకు తగిలించి, నాలుగు ముక్కలను వ్రాయించెను. గంట పట్టినది. పిమ్మట వెడల్పు కొసను టీవీ ప్రక్కనున్న రంధ్రమున పెట్టెను. టీవీ ధ్వనిని గుడి మైకుసెట్టునకు కలిపితిమి. మఱునాడే ఇంకొక రెండు ప్రతులు చేయించి, ఒకటి గుడి హుండీ బీరువాలో పెట్టితిమి.

ఆ సాయంత్రము పందిరి క్రిక్కిఱిసినది. తెరమీద పెద్దాయన చిడతలు మ్రోగించుచు వచ్చిరి. బకాసురుని బండికి అన్నము కుప్పవోయు ఘట్టమున ఆయన కథ ఆపి, "ఒరే అబ్బీ, దప్పికగా ఉండాది, చెంబు ఇట్లా తేరా" అని అడిగిరి. ఆ మాట మైకులో గుప్పుమనగానే, ముందు వరుసలో కూర్చున్న ఆయన ఇల్లాలు తటాలున లేచి, చెంబు కొఱకు చుట్టును చూచెను.