తెర మీద చదరంగం

2024వ సంవత్సరం డిసెంబరు 12వ తేదీ సాయంత్రం మేము బుకింగు ఆఫీసులో కౌంటరు దగ్గర ఉన్నాము. వరుసలో నిలుచున్న ఒక కుర్రవాడు చేతిలోని ఫోను చూచి ‘గెలిచేశాడు!’ అని తమిళంలో కేక వేశాడు. టిక్కెట్టు కోసం వచ్చినవాళ్ళు టిక్కెట్టు సంగతి మరచి అతని చుట్టూ మూగారు. సింగపూరులో జరిగిన పోటీలో చెన్నై కుర్రవాడు గుకేశ్, చైనా దేశస్థుడు డింగ్ లిరెన్‌ను 7½–6½ పాయింట్లతో ఓడించి ప్రపంచ విజేత అయినాడు. అప్పటికి అతనికి 18 ఏళ్ళు. అంత చిన్న వయస్సులో అవిభక్తమైన ఆ పదవి అందుకొన్నవాడు అంతకు పూర్వం లేడు.

అంతవరకు సంతోషమే. ఇంతలో వివాదం ఒకటి పుట్టింది. ఆంధ్ర ముఖ్యమంత్రి ‘మన తెలుగు అబ్బాయి’ అని అభినందించారు. తమిళనాడు ముఖ్యమంత్రి చెన్నై నగరం మరొక విజేతను కన్నదని అభినందించారు. రెండూ నిజమే. గుకేశ్‌ది తెలుగు కుటుంబం. పుట్టి పెరిగినది చెన్నైలో. కాని ఫోన్లలో రెండు భాషలవాళ్ళూ కొట్లాటకు దిగినారు. మరునాడు మా ప్రక్క కౌంటరులోని తమిళ మిత్రుడు నవ్వుతూనే అడిగినాడు: ‘ఇంతకూ ఆ అబ్బాయి మీవాడా, మావాడా?’

మా తాతగారు పెరంబూరు రైల్వే వర్కుషాపులో పనికి వచ్చినది మొదలు మూడు తరాలుగా మేము ఈ ఊళ్ళోనే ఉన్నాము. ఆ ప్రశ్నకు వెంటనే జవాబు తోచలేదు. తోచకపోగా మరొక ఆలోచన పట్టుకొన్నది. ఈ ఆటను గురించి మనకు తెలిసినదంతా ఎక్కడిది? ఆడి నేర్చినది కొంచెం, సినిమాలలో, టి.వి.లో, పత్రికలలో చూచి నేర్చినదే అధికం. తెర మీద చదరంగం ఇన్నాళ్ళూ ఎట్లా కనిపించింది? మెట్రిక్కుతో చదువు ఆపినవాళ్ళము, పండితులము కాము. సెలవురోజుల్లో చూచినదీ చదివినదీ కలిపి ఈ ఉగాది సంచికకు వ్రాస్తున్నాము.

సినిమాకు మాటలు రాని రోజులలోనే చదరంగానికి తెర మీద చోటు దొరికింది. 1925లో మాస్కోలో పెద్ద పోటీ జరిగింది. దానిని అడ్డం పెట్టుకొని పుదోవ్కిన్, ష్పికోవ్‌స్కీ అనే ఇద్దరు ‘చదరంగ జ్వరం’ అనే చిన్న హాస్యచిత్రం తీశారు. నాయకుడు ఆట పిచ్చిలో పడి పెళ్ళి ముహూర్తం మరచిపోతాడు. పెళ్ళికూతురు విసిగిపోయి ఏ వీధికి వెళ్ళినా అక్కడా చదరంగమే. నాటి ప్రపంచ విజేత కాపాబ్లాంకా స్వయంగా ఆ చిత్రంలో కనిపిస్తాడు. ఆయన ఆ పోటీలో మాత్రం మూడవ స్థానంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. వేషం కట్టిన ఏడాది ఆట కలిసిరాలేదు కాబోలు.

ఆ తరువాత తెర మీద చదరంగానికి గాంభీర్యం వచ్చింది. 1957లో స్వీడన్ దేశంలో బెర్గ్‌మన్ తీసిన ‘ఏడవ ముద్ర’లో ఒక యోధుడు సముద్రపు ఒడ్డున మృత్యువుతోనే ఆటకు కూర్చుంటాడు. ఒక పాత చర్చి గోడ మీద బొమ్మ చూచి దర్శకుడికి ఆ ఊహ కలిగిందట. 1963లో జేమ్స్ బాండ్ చిత్రం ‘ఫ్రం రష్యా విత్ లవ్’ వచ్చింది. అందులో దుష్టుడు చదరంగంలో మేటి. అటు ఆట, ఇటు కుట్ర. ఆ చిత్రంలోని ఎత్తు ఉత్తుత్తిది కాదు. 1960లో లెనిన్‌గ్రాడులో స్పాస్కీ, బ్రాన్‌స్టైన్ ఆడిన నిజమైన ఆటలోనిది. రెండు బంట్లను మాత్రం తీసివేశారు. 1968లో వచ్చిన ‘2001’ చిత్రంలో యంత్రం మనిషిని ఓడిస్తుంది. అక్కడ కనబడే ఆట 1910లో హాంబర్గులో జరిగినది. దర్శకుడు కుబ్రిక్ వయస్సులో ఉన్నప్పుడు న్యూయార్కు పార్కులలో పందెం పెట్టి చదరంగం ఆడినవాడు. అందుకే ఆ శ్రద్ధ. 1997లో డీప్ బ్లూ అనే యంత్రం కాస్పరోవ్‌ను నిజంగానే 3½–2½తో ఓడించినప్పుడు ఈ చిత్రాన్ని తలచుకొన్నవారు చాలామంది.

ఇట్లా మేధావి, మృత్యువు, కుట్రదారు, యంత్రం: తెర మీద చదరంగం ఆడేవాళ్ళు వీళ్ళే. వీథి అరుగు మీద కూర్చొని ఆడే మామూలు మనిషి ఎక్కడా లేడు. మన పత్రికలదీ అదే దారి. ఎన్నికలు రాగానే ‘పావులు కదుపుతున్నారు’, ‘ఎత్తుకు పైఎత్తు’, ‘ఆట కట్టించారు’ అని వ్రాస్తారు. మన సినిమావాళ్ళకూ ఆట కన్నా ఆట పేరు మీద మక్కువ. ఎస్.వి. రంగారావుగారు 1967లో దర్శకత్వం వహించిన చిత్రం ‘చదరంగం’. 2020లో రాజకీయాల మీద వచ్చిన ధారావాహికకూ అదే పేరు. 2021లో చంద్రశేఖర్ యేలేటి ‘చెక్’ అనే చిత్రం తీసినప్పుడు మాత్రం ఆట నిజంగా కథలోకి వచ్చింది. అందులోనూ ఆడేవాడు ఉరిశిక్ష పడిన ఖైదీ! ఉరికంబం లేకపోతే చదరంగం చప్పబడిపోతుందని భయమేమో.

మన దేశంలో ఈ ఆట మీద వచ్చిన చిత్రాలలో తలమానికం సత్యజిత్ రాయ్ 1977లో తీసిన ‘శత్రంజ్ కే ఖిలాడీ’. మేము దానిని మూడుసార్లు చూచినాము. 1924లో ప్రేమ్‌చంద్ వ్రాసిన కథ దానికి ఆధారం. 1856లో ఇంగ్లీషు కంపెనీవారు అవధ్ రాజ్యాన్ని మింగివేస్తూ ఉంటే లక్నోలో మీర్, మీర్జా అనే ఇద్దరు జాగీర్దార్లు పగలూ రాత్రీ చదరంగంలో మునిగి ఉంటారు. మీర్జాగా సంజీవ్‌కుమార్, మీర్‌గా సయీద్ జాఫ్రీ వేశారు. మీర్జా భార్య విసిగి పావులు దాచివేస్తే ఇద్దరూ కూరగాయలు పేర్చుకొని ఆడతారు. మాకు అక్కడ నవ్వు వచ్చింది, వెనువెంటనే సిగ్గూ వేసింది. మా ఇంట్లోనూ ఇల్లాలు పిలిచిన పిలుపు వినబడని సాయంకాలాలు లేకపోలేదు.

ఆ చిత్రంలో ఒక పెద్దమనిషి వచ్చి ఇంగ్లీషువాళ్ళ ఆటకూ మన ఆటకూ భేదం చెబుతాడు. మనకు మంత్రి ఉన్నచోట వాళ్ళకు రాణి. మన బంటు మొదట ఒక గడి నడిస్తే వాళ్ళ బంటు రెండు గళ్ళు దూకవచ్చు. అందుచేత వాళ్ళ ఆట త్వరగా ముగుస్తుంది. జాగీర్దార్లకు అది వింతగా తోస్తుంది. ప్రేమ్‌చంద్ కథ చివర మిత్రులిద్దరూ ఆటలో మాట పెరిగి కత్తులు దూసి ఒకరినొకరు చంపుకొంటారు. రాయ్ వాళ్ళను చంపలేదు. తుపాకి ఒకటి పేలుతుంది, చేతికి చిన్న గాయం అవుతుంది. ఊరి బయట కంపెనీ సైన్యం సాగిపోయిన తరువాత ఇద్దరూ మళ్ళీ పలక ముందు కూర్చొని, మంత్రిని తొలగించి రాణికి చోటిచ్చి, ఇంగ్లీషు పద్ధతిలో ఆట మొదలుపెడతారు. కథ చివర కంటె చిత్రం చివర ఎక్కువ బాధ కలిగించిందని మా అభిప్రాయం. చావు ఒక్కసారి. ఈ సిగ్గు బ్రతికినన్నాళ్ళూ ఉంటుంది.

ఇక టెలివిజన్ సంగతి. గంటల తరబడి ఇద్దరు తలలు పట్టుకొని కూర్చొనే ఆటను జనానికి చూపేది ఎట్లా? 1972లో ఐస్‌లాండులోని రెక్యావిక్‌లో ఫిషర్, స్పాస్కీ తలపడినప్పుడు ఈ ప్రశ్న అమెరికావాళ్ళకు ఎదురైంది. కెమెరాల రొద భరించలేనని ఫిషర్ పేచీ పెట్టినాడు. రెండవ ఆటకు రానే లేదు. మూడవది జనానికి దూరంగా వెనుక గదిలో ఆడినారు. బొమ్మ లేదు, మనుష్యులు లేరు. అయినా న్యూయార్కులో షెల్బీ లైమన్ అనే ఉపాధ్యాయుడు స్టూడియోలో గోడబల్ల పెట్టి, తంతి మీద వచ్చిన ఎత్తులను దాని మీద జరుపుతూ గంటలకొద్దీ మాట్లాడినాడు. జనం దానినే విరగబడి చూచినారు. ఫిషర్ 12½–8½తో గెలిచాడు. ఆటగాళ్ళు కనబడకపోయినా ఎత్తు విప్పి చెప్పేవాడుంటే చాలునని అప్పుడు తేలింది.

1984లో మాస్కోలో మొదలైన కార్పోవ్, కాస్పరోవ్ పోటీని ఎవరూ సినిమా తీయరు. అయిదు నెలలు, 48 ఆటలు, అందులో 40 సమానం. ఫలితం తేలకుండానే 1985 ఫిబ్రవరిలో ఆపివేశారు. తెర మీది ఆటలో ‘చెక్‌మేట్’ అని బల్ల గుద్ది లేవడమే కాని, చేతులు కలిపి సమానమని విడిపోవడం ఉండదు. నిజానికి మేటి ఆటగాళ్ళు ఆట కట్టేదాకా కూర్చోరు. ఓటమి తెలియగానే చెయ్యి చాచుతారు. మరొక లోపం: ఆటగాడి కుడిచేతి మూల తెల్లగడి ఉండాలి. ఎన్ని సినిమాలలో పలక అడ్డం తిరిగి ఉన్నదో, తీరిక ఉన్న పాఠకులు లెక్క పెట్టుకోవచ్చు.

టెలివిజన్ చేసిన మేలులో మాకు అన్నింటికంటె నచ్చినది ఒక తల్లి కథ. విశ్వనాథన్ ఆనంద్ తండ్రిగారు రైల్వే అధికారి. అందుకే మాకు ఆయన మీద కొంచెం స్వంత అభిమానం. 1970ల చివర ఆయన ఫిలిప్పీన్స్ రైల్వేల పని మీద మనీలా వెళ్ళినారు. అక్కడ మధ్యాహ్నం పూట టి.వి.లో చదరంగం కార్యక్రమం వచ్చేది. ఆ వేళకు పిల్లవాడు బడిలో ఉంటాడు. తల్లి సుశీలగారు కూర్చొని ఆటలనూ సమస్యలనూ కాగితం మీద వ్రాసి ఉంచేవారు. సాయంత్రం ఇద్దరూ కలిసి సాధించి జవాబు పంపేవారు. బహుమతి ఒక పుస్తకం. ఆనంద్ ఎన్ని బహుమతులు కొట్టినాడంటే, కార్యక్రమంవాళ్ళు అతణ్ణి పిలిచి, ‘కావలసినన్ని పుస్తకాలు పట్టుకొనిపో, ఇక జవాబులు మాత్రం పంపకు’ అన్నారట. ఈ సంగతి ఆయనే చెప్పినారు. 1988లో ఆ పిల్లవాడు భారతదేశపు తొలి గ్రాండ్‌మాస్టర్ అయినాడు. పరాయి దేశంలో, పరాయి భాష టి.వి. ముందు కాగితం కలం పట్టుకొని కూర్చొన్న ఆ తల్లిని ఏ సినిమావాడైనా చూపినాడా?

2020లో వచ్చిన ‘క్వీన్స్ గాంబిట్’ అనే ధారావాహిక ప్రపంచాన్ని ఊపింది. వాల్టర్ టెవిస్ 1983లో వ్రాసిన నవల దానికి మూలం. మొదటి 28 రోజులలో 6 కోట్ల 20 లక్షల ఇళ్ళలో చూచినారని నెట్‌ఫ్లిక్స్‌వారు ప్రకటించారు. కాస్పరోవ్‌ను సలహాకు పెట్టుకొన్నారు కనుక ఎత్తులలో తప్పు లేదు. తప్పు మరొకచోట జరిగింది. జార్జియా దేశపు నోనా గాప్రిందాష్విలీ అనే నిజమైన విజేత పేరు చెప్పి, ఆమె ఎన్నడూ పురుషులతో ఆడలేదని ఒక మాట అనిపించారు. కథాకాలమైన 1968 నాటికే ఆమె కనీసం 59 మంది పురుషులతో ఆడి ఉన్నది! 1978లో ఆడవాళ్ళలో మొదటిసారి గ్రాండ్‌మాస్టర్ బిరుదు పొందినది ఆమెయే. కల్పిత కథానాయికను పెద్ద చేయడానికి, బ్రతికి ఉన్న మనిషిని చిన్న చేశారు. ఎనభై ఏళ్ళ వయస్సులో ఆమె 2021లో దావా వేసింది. 2022లో రాజీ కుదిరింది.

ఈ వార్త చదివినప్పుడు మాకు గుడివాడ ఆడపడుచు కోనేరు హంపి గుర్తుకు వచ్చింది. తండ్రి అశోక్‌గారే గురువు. 2002లో 15 ఏళ్ళ వయస్సులో పురుషులతో సమానమైన గ్రాండ్‌మాస్టర్ బిరుదు పొందింది. బిడ్డ కోసం కొన్నాళ్ళు ఆట మాని, తిరిగి వచ్చి 2019లో ఒకసారి, 2024 డిసెంబరులో ఇంకొకసారి ప్రపంచ రాపిడ్ విజేత అయింది. గుంటూరు హారిక 2022లో చెన్నై దగ్గర మామల్లపురంలో జరిగిన ఒలింపియాడులో నిండు గర్భిణిగా కూర్చొని ఆడి జట్టుకు కంచుపతకం తేవడంలో పాలు పంచుకొన్నది. ఇవి కల్పన కానక్కరలేని కథలు.

మళ్ళీ గుకేశ్ దగ్గరికి వస్తాము. 2013లో ఆనంద్, కార్ల్‌సన్ పోటీ చెన్నైలో జరిగినప్పుడు ఏడేళ్ళ గుకేశ్ ప్రేక్షకులలో కూర్చొని అద్దాలగదిలో ఆడుతున్న వాళ్ళను చూచినాడు. పదకొండేళ్ళ తరువాత అట్టి గదిలో తానే కూర్చొన్నాడు. ఈలోపల తండ్రి, చెవి ముక్కు గొంతు వైద్యుడు, ప్రాక్టీసు మానుకొని కొడుకు వెంట ఊళ్ళు తిరిగినారు. ఇల్లు గడిపినది తల్లి పద్మగారి జీతం.

ఈ రోజుల్లో టి.వి.లో పలక ప్రక్కన తెలుపు నలుపు పట్టీ ఒకటి చూపుతారు. ఎవరిది పైచేయి అయితే వారి రంగు పెరుగుతుంది. పధ్నాలుగవ ఆటలో 55వ ఎత్తుకు డింగ్ ఏనుగును మార్పిడికి పెట్టగానే పట్టీ ఒక్కసారిగా నల్లబడింది. ఏనుగులూ శకటులూ మార్పిడి అయిపోతే మిగిలిన బంట్ల ఆట డింగ్‌ది కాదు. లోకమంతటికీ ఆ సంగతి తెలిసింది. తెలియనిది ఆ గదిలో కూర్చొన్న ఇద్దరికే! కొన్ని క్షణాల తరువాత గుకేశ్ ముఖం మారింది. ఆట ముగిశాక అతడు వెంటనే లేచి గంతులు వేయలేదు. కళ్ళనీళ్ళు తుడుచుకొంటూ పావులన్నీ తిరిగి వాటి గళ్ళలో పేర్చినాడు. బయట తండ్రి ఫోను పట్టుకొని అటూ ఇటూ పచార్లు చేస్తున్న దృశ్యమూ కెమెరాకు చిక్కింది. వందేళ్ళుగా తెర మీద చూచిన చదరంగంలో, మాకు తెలిసిన ఇంటి మనుష్యులవంటివాళ్ళు కనిపించినది ఆ సాయంత్రమే.

మా మిత్రుని ప్రశ్నకు జవాబు ఆలస్యంగానే ఇచ్చినాము. ‘మీ ఊళ్ళో పెరిగిన మావాడు’ అన్నాము. ‘అయితే మిఠాయి సగం నీది, సగం నాది’ అన్నాడు ఆయన. డబ్బు ఆయనే ఇచ్చినాడు.

ఆ ఆదివారం మా అబ్బాయికీ, ఆ మిత్రుని కుమారునికీ పలక పరచి ఇచ్చినాము. పదినిమిషాలలో తగవు వచ్చింది. మావాడు ‘మంత్రి’ అంటే రాజు ప్రక్కన నిలిచి ఎటైనా పోగలిగేది. ఆ అబ్బాయి ‘మంత్రి’ అంటే ఐమూలగా నడిచే శకటు. మనం మంత్రి అనేదానిని తమిళంలో రాణి అంటారు. నీ మంత్రి నా మంత్రి కాదని ఇద్దరూ అరచుకొన్నారు. మేము లేచి వెళ్ళేలోగా వాళ్ళే ఒక ఒప్పందానికి వచ్చినారు: ఆట అయ్యేదాకా పేరు ఎత్తకుండా వేలితో చూపడం.