గర్భిణులు ధూమపానం మానడం

గర్భిణులు ధూమపానం మానడం ప్రసూతి వైద్యంలో ముఖ్యమైన అంశం. పుట్టబోయే బిడ్డకు కలిగే ముప్పులలో తల్లి తన ప్రయత్నంతో తొలగించగలిగినవి కొద్దే. వాటిలో ఇది ఒకటి. గర్భం దాల్చక ముందే మానడం శ్రేష్ఠం. అయితే ఏ నెలలో మానినా కొంత మేలు ఉంటుంది. "ఇప్పటికే ఆలస్యమైంది, ఇక మాని ఏం లాభం" అనే భావన సరైనది కాదు.

శిశువుపై ప్రభావం

పొగాకు పొగలో వేల రసాయనాలు ఉన్నప్పటికీ గర్భస్థ శిశువు విషయంలో ప్రధానంగా చెప్పుకోవలసినవి రెండు. మొదటిది కార్బన్ మోనాక్సైడ్. ఇది రక్తంలోని హిమోగ్లోబిన్‌తో ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా బంధం ఏర్పరచుకుంటుంది. ఆ మేరకు రక్తం ప్రాణవాయువును మోయలేదు. పైగా ఈ వాయువు మావిని దాటి, తల్లి రక్తంలో కంటే శిశువు రక్తంలో ఎక్కువ పాళ్ళలో నిలుస్తుంది. రెండవది నికోటిన్. ఇది రక్తనాళాలను కుదించి మావికి రక్తప్రసారాన్ని తగ్గిస్తుంది.

ఫలితంగా బిడ్డ బరువు సగటున సుమారు 200 గ్రాములు తగ్గుతుంది. ఈ సంబంధాన్ని 1957లో అమెరికాలోని కాలిఫోర్నియాలో సింప్సన్ పరిశోధన ద్వారా చూపారు. గర్భస్రావం, మావి ముందుగానే విడిపోవడం, నెలలు నిండని కాన్పు, మృతశిశు జననం, పసికందు నిద్రలో హఠాత్తుగా మరణించడం కూడా పొగ త్రాగే తల్లుల విషయంలో ఎక్కువ. బిడ్డ చిన్నదైతే కాన్పు సులువవుతుందని కొందరు అనుకుంటారు. కానీ కడుపులో ఎదుగుదల కుంటుపడిన శిశువుకు నొప్పుల సమయంలోనూ, పుట్టాక మొదటి రోజులలోనూ ప్రమాదం ఎక్కువ.

ఎప్పుడు మానాలి

అమెరికాలోని మేరీలాండ్‌లో 935 మంది గర్భిణులపై జరిపిన పరిశోధన 1984లో వెలువడింది. మానడానికి సహాయం పొందిన వర్గంలోని తల్లుల బిడ్డలు మిగిలినవారి బిడ్డల కంటే సగటున 92 గ్రాములు ఎక్కువ బరువుతో పుట్టారు. న్యూజీలాండ్, ఆస్ట్రేలియాలలో జరిగిన పరిశోధన (2009) మరింత ఆశాజనకం. 15 వారాలలోపు మానినవారిలో నెలలు నిండని కాన్పులు, బరువు తక్కువ బిడ్డలు పొగ త్రాగనివారిలో ఉన్నంతగానే ఉన్నట్లు అందులో తేలింది.

ఒక్కసారిగా మానితే బిడ్డకు హాని అనే భయం నిరాధారం. కేవలం తగ్గించడం వల్ల ఆశించినంత ఫలితం రాదు, ఎందుకంటే తగ్గించినవారు ఒక్కొక్క సిగరెట్టును మరింత లోతుగా పీలుస్తారు.

మానే మార్గాలు

మొదటి మార్గం వైద్యులు, నర్సులు, ఆరోగ్య కార్యకర్తలు ఓపికగా ఇచ్చే సలహా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాలు కూడా దీనికే ప్రాధాన్యమిచ్చాయి. బుప్రోపియాన్, వరెనిక్లిన్ మాత్రలను గర్భిణులకు అవి సిఫారసు చేయలేదు. నికోటిన్ పట్టీల ఫలితం అంతంత మాత్రమే. ఇంగ్లాండులో 1,050 మందిపై జరిగిన పరీక్షలో (2012) కాన్పు నాటికి చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. గర్భిణి శరీరం నికోటిన్‌ను త్వరగా విచ్ఛిన్నం చేయడం ఇందుకు ఒక కారణం కావచ్చు.

గ్లాస్గో నగరంలో మరో పద్ధతి ప్రయత్నించారు. మానినవారికి 400 పౌండ్ల వరకు కొనుగోలు కూపన్లు ఇవ్వగా 22.5 శాతం మంది మానారు. కూపన్లు లేనివారిలో ఇది 8.6 శాతమే (2015). డబ్బిచ్చి మాన్పించడమేమిటన్న విమర్శ ఉన్నా, ఫలితం మాత్రం స్పష్టం.

భారతదేశంలో పొగాకు మానదలచినవారికి 1800-11-2356 అనే ఉచిత జాతీయ సహాయ ఫోను ఉంది.

తెలుగునాట

తెలుగు స్త్రీలలో సిగరెట్ త్రాగేవారు తక్కువ. కానీ శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలలో మండే కొన నోటిలోపల ఉంచుకుని చుట్ట కాల్చే "అడ్డపొగ" అలవాటు స్త్రీలలోనే ఎక్కువగా కనిపించేది. ఇక పొగాకు నమలడం పొగ లేనిది కనుక ప్రమాదం లేదనుకోరాదు. ముంబైలో 1,217 మంది స్త్రీలపై జరిగిన అధ్యయనంలో (2004) నమిలే పొగాకు వల్ల బిడ్డ బరువు సగటున 105 గ్రాములు తగ్గినట్లు తేలింది. కాబట్టి "సిగరెట్ త్రాగుతారా?" అని మాత్రమే అడిగితే అసలు అలవాటు బయటపడదు, చుట్ట, నమిలే పొగాకు, పొగాకు పళ్ళపొడి గురించి విడివిడిగా అడగాలి. ఇంట్లో భర్త, మామ కాల్చే బీడీల పొగ కూడా గర్భిణికి చేరుతుంది. కనుక వారు కనీసం ఇంటి లోపల కాల్చకపోవడం అవసరం.

కాన్పు తరువాత

గర్భంతో ఉండగా మానినవారిలో చాలామంది కాన్పు తరువాత తిరిగి మొదలుపెడతారు. నికోటిన్ చనుబాలలోకి చేరుతుంది. అయినా పొగ త్రాగే తల్లి కూడా పాలివ్వడం మానరాదని, పాలిచ్చిన తరువాతనే, బిడ్డకు దూరంగా త్రాగాలని వైద్యులు సూచిస్తారు.