స్వామివారి ఓడు

బంగారు వాకిలియు, బంగారు తాపడము గల విమానమును, రత్నకిరీటములును గల తిరుమలేశుని సన్నిధిని మట్టిపాత్ర కేమి పని యని తలచువారికి, కులశేఖరపడి యను గడప దాటి గర్భాలయములోనికి పోవు నైవేద్యము, క్రొత్తకుండ సగపాలైన ఓటిలోని పెరుగన్న మొక్కటే యన్న సంగతి వింతగా తోచవచ్చును. లడ్డూలు, వడలు, పులిహోర, చక్కెరపొంగలి మొదలైన ప్రసాదము లెన్ని యున్నను, అవి యెల్ల ఆ గడప కీవలనే నివేదింపబడును.

ఈ యాచారమునకు మూలముగా పెద్దలు చెప్పు కథ కుమ్మరి భీమునిది. కురువనంబి యనియు నాతనికి పేరు. తొండమాన్ చక్రవర్తి ప్రతిదినమును బంగారు పూవులతో స్వామి నర్చించుచుండగా, ఒకనాడు వాని నడుమ మట్టిపూవులు కానవచ్చెననియు, విచారింపగా, సారెకడ కూర్చుండి పనిచేయుచునే చేతికంటిన మట్టితో పూవులు చేసి స్వామికి సమర్పించు కుమ్మరి భక్తి వెల్లడియై రాజు గర్వ మడగెననియు ఆ కథ. పదునైదవ శతాబ్దిలో అన్నమాచార్యులు ఒక కీర్తనయందు ఈ కుమ్మరి దాసుని, తొండమానుని ఒక్కచోటనే స్మరించిరి; శ్రీకాళహస్తి చేరువనున్న తొండమనాడు నేటికిని ఆ రాజు పేరు మోయుచున్నది.

మట్టిపాత్రను మన్నించుటకు లోకమున వేరొక రీతియు కలదు. స్వీడను దేశమందు 1825లో వెలసిన గుస్తావ్స్‌బర్గు కర్మాగారమున, 1949లో కళానిర్దేశకుడైన స్టిగ్ లిండ్‌బర్గు వంటివారు రూపించిన గిన్నెలను, కూజాలను నేడు పలు దేశములవారు వెదకి వెదకి సేకరింతురు. పాత్ర చేజిక్కగానే బోర్లించి అడుగున కర్మాగారపు గుర్తైన హస్తముద్ర యున్నదేమో చూతురు. అంచున బీట యున్నచో వెల తగ్గింతురు. తిరుమలలో పూజ్యమైన ఓటికి ముద్రయు లేదు, నిండురూపమును లేదు, ఒకనాటి ఓటికి మరునాటి ఓటితో పొత్తును లేదు.

ఈ భేదమునకు కారణము కొంత మంటలోనే యున్నది. అచ్చటి స్టోన్‌వేరు పాత్ర సుమారు 1200 డిగ్రీల వేడిలో కాలి, పైపూత గాజువలె కరగి, నీటిబొట్టును పీల్చని కాఠిన్యము నొందును. మన కుమ్మరి ఆవములో కట్టెలతో, పిడకలతో కాలిన కుండ అంత వేడి నెఱుగదు గనుక సూక్ష్మరంధ్రములతో నుండును. ఆ రంధ్రముల నుండి ఊరు చెమ్మయే వేసవిలో నీటిని చల్లబఱచును, ఆ రంధ్రములే అన్నపు జిడ్డును పట్టి విడువకుండును. రాగి చెంబు చింతపండుతో తోమిన శుద్ధియగును. మట్టికి ఆ యుపాయము లేదు. కాబట్టి దేవుని నైవేద్యమునకైనను, పెండ్లియింట అరివేణికైనను క్రొత్తకుండయే కావలసివచ్చెను. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర ముగియు వేళ మట్టితో తీర్చిన అమ్మవారి విశ్వరూపమును సైతము దాచియుంచరు. ఆ మన్ను చిటికెడైనను ప్రసాదముగా ఇంటికి కొనిపోవుటకు భక్తులు పెనగులాడుదురు.

కావున ఈ సీమ మట్టిపనిని అద్దాల బీరువాలో భద్రపఱచుట సాధ్యము కాదు. కుండ పగిలి, మరల క్రొత్తది కొన్నప్పుడే సారె తిరుగును. పలమనేరు టెర్రకోట పనివారు నేడు అలంకారపు వస్తువులకు పేరొందిరి. బెంగుళూరు బాటను పోవు పాఠకులు అచ్చట నిలిచి, గోడకొక బొమ్మను కొన్నను, నీళ్లకొక కుండనుగూడ కొని వాడుదురుగాక.