బులెటిన్ అంకెలు, మురుగునీటి సాక్ష్యం

2020 వేసవిలో వైద్యారోగ్య శాఖ వెలువరించే కోవిడ్ బులెటిన్ కోసం హైదరాబాదు నగరమంతా ప్రతి దినమూ ఎదురుచూసేది. అశోక్‌నగర్, చిక్కడపల్లిలలో కోచింగ్ కోసం వచ్చిన విద్యార్థులు చాలామంది అప్పటికే హాస్టళ్లు ఖాళీ చేసి స్వగ్రామాలకు మరలారు. చెంతనే నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ (ఐ.పి.ఎం.) ప్రయోగశాలలో మాత్రం నమూనాల పరీక్ష సాగుతూనే ఉంది. అలాంటి ప్రయోగశాలల ఫలితాలే బులెటిన్‌లో అంకెలయ్యేవి.

గమనించవలసిన సూక్ష్మం ఇక్కడే ఉంది. బులెటిన్ తెలిపేది వ్యాధి సోకినవారి సంఖ్యను కాదు. పరీక్ష జరిగి, నిర్ధారణ అయినవారి సంఖ్యను. పరీక్షలు తగ్గితే కేసులూ తగ్గినట్లే కనిపిస్తాయి. పరీక్షలు చాలవనీ, వివరాలు సమగ్రంగా లేవనీ రాష్ట్ర హైకోర్టు ఆ ఏడాది ప్రభుత్వాన్ని పలుమార్లు మందలించింది.

ఆగస్టులో సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు నగరపు మురుగునీటిని పరీక్షించారు. వ్యాధి సోకినవారి మలంలో వైరస్ అవశేషాలు 35 రోజుల వరకు వెలువడవచ్చు. ఆ ఆధారంతో సుమారు 6.6 లక్షల మందికి వ్యాధి సోకి ఉంటుందని అంచనా కట్టారు. అప్పటికి రాష్ట్రమంతటా నమోదైన కేసులు దాదాపు లక్ష మాత్రమే!

2021 మార్చిలో మరో సాక్ష్యం వెలువడింది. 30 వార్డులలో సుమారు 9,000 మంది రక్తాన్ని పరీక్షించగా 54 శాతం మందిలో యాంటీబాడీలు కనిపించాయి. వారిలో నాలుగింట మూడు వంతుల మందికి తమకు వ్యాధి సోకిన సంగతే తెలియదు. సామూహిక రోగనిరోధకత చేరువైందన్న మాట వినిపించింది. కానీ కోటి జనాభాలో మిగిలిన 46 శాతమంటే 46 లక్షల మంది! పైగా యాంటీబాడీ గతానికి గుర్తే గాని, భవిష్యత్తుకు హామీ కాదు. ఏప్రిల్‌లో రెండవ ఉద్ధృతి వచ్చి పడింది.

మరణాల లెక్క మరింత బాధాకరం. 2022 జనవరి నాటికి రాష్ట్రంలో అధికారికంగా నమోదైన కోవిడ్ మరణాలు 3,993. పరిహారం కోరుతూ వచ్చిన దరఖాస్తులు దాదాపు 29,000; వాటిలో 12,000కు పైగా ఆమోదం పొందాయి. పరిహారానికి పాటించిన నిర్వచనం విశాలమైనదన్నది నిజమే. అయినా ఇంతటి అంతరానికి మూలం మరణ ధ్రువపత్రంలోనూ కొంత ఉంది. ‘గుండె ఆగింది’ అని రాస్తే అది కారణం కాదు, మరణానికి మరో పేరు. మధుమేహ రోగి కోవిడ్ న్యుమోనియాతో మరణిస్తే మూలకారణం కోవిడే.

ధైర్యం చెప్పడం ప్రభుత్వ ధర్మమే. అయితే అంకెను దాని పరిమితితో సహా చెప్పినప్పుడే ఆ ధైర్యం నిలుస్తుంది. ఇకపై ఏ బులెటిన్ చదివినా మూడు ప్రశ్నలు వేసుకోండి: ఎందరిని పరీక్షించారు? ఎవరిని పరీక్షించారు? దేనిని మరణకారణంగా లెక్కించారు?