ఉక్కునగరం – బాటసారి హక్కు

విశాఖపట్నం చరిత్ర చెప్పుకొనేటప్పుడు రేవును గురించి, నౌకా నిర్మాణ కేంద్రాన్ని గురించి, ఉక్కు కర్మాగారాన్ని గురించి మనము గర్వంతో ముచ్చటించుకొంటాము. ఇన్ని పరిశ్రమలు వెలసిన ఊరిలో జనం ఇంటి నుండి పనికి ఏ దారిన, ఏ విధంగా పోయినారన్న ప్రశ్న మాత్రం సాధారణంగా చరిత్రకారుని కంటబడదు. వాహనాల రద్దీ, పొగ, ప్రమాదాలు నగరవాసిని కలవరపరుస్తున్న ఈ దినాలలో ఆ ప్రశ్నను కొంత విచారించుట అవసరమని మా తలంపు.

పాత పట్టణం రేవు ఒడ్డున ఒదిగి ఉన్నది. అక్కడి ఇరుకు వీధులు కాలినడకకు, జట్కా బండికి ఏర్పడినవే. 1930లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వాల్తేరు మెరకలకు వచ్చినది. 1933 డిసెంబరు 19న రేవుకు ప్రారంభోత్సవం జరిగినది. 1941లో నౌకా నిర్మాణ కేంద్రానికి పునాది పడినది. 1957లో చమురుశుద్ధి కర్మాగారం పనిచేయ నారంభించినది. ఒక్కొక్క సంస్థ వచ్చినప్పుడల్లా ఊరు ఒక్కొక్క దిక్కుకు సాగినది.

ఆపైన ఉక్కు వచ్చినది. 1966లో ఆంధ్రులు సాగించిన ఉద్యమంలో ముప్పది ఇద్దరు ప్రాణాలర్పించినారు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగినది. 1992 ఆగస్టు 1న కర్మాగారం జాతికి అంకితమైనది. 64 గ్రామాల ప్రజలు దానికై తమ ఊళ్లను, పొలాలను వదలుకొన్నారు. గట్టు మీద నడచి పొలానికి పోయిన రైతు కుటుంబంలోని వారు పనిని వెదకుకొంటూ మైళ్ల దూరం పోవలసిన వారైనారు. 2005లో గాజువాక పురపాలక సంఘాన్ని, 32 గ్రామాలను కలిపి మహా విశాఖ నగరపాలక సంస్థను ఏర్పరచినారు. ఒక దేశపు రహదారిగా వేసిన జాతీయ రహదారి ఆ విధంగా ఒక ఊరి నడివీధిగా మారినది. లారీలు, బస్సులు, కార్లు పరుగులిడే ఆ దారిని బడిపిల్లలు, ముసలివారు అడ్డంగా దాటవలసి వచ్చినది.

దీనికి తోడు ప్రకృతి కూడ ఒక చిక్కు పెట్టినది. ఉత్తరాన కైలాసగిరి, దక్షిణాన యారాడ కొండలు ఉండుటచే నగరం గిన్నెవలె ఉన్నది. గాలి స్తంభించిన వేళ పొగ, ధూళి త్వరగా చెదరిపోవు. 2019లో కేంద్ర ప్రభుత్వం గాలి శుద్ధికై ఎన్నుకొన్న నగరాల పట్టికలో విశాఖకు చోటు కలిగినది. ఆ తప్పంతా మోటారు వాహనానిదే అనుట న్యాయం కాదు. కర్మాగారాల పొగకు, రేవులోని బొగ్గు ధూళికి అందులో భాగమున్నది. కాని వాహనపు పొగ నేలకు దగ్గరగా, నడిచేవారి సమీపంలోనే వెలువడుతుంది. నడిచేవాడే దానిని ముందుగా పీల్చుతాడు.

నివారణకు ప్రయత్నాలు లేకపోలేదు. పెందుర్తి మీదుగా ఒకటి, సింహాచలం మీదుగా మరొకటి, బస్సులకు ప్రత్యేక మార్గాలు తలపెట్టినారు. ఆ పనులు భూముల తగవుల మధ్య ఏండ్ల తరబడి సాగినవి. సముద్రతీరపు రోడ్డు మీద ఉదయవేళ వాహనాలను నిలిపి నడిచేవారికి దారి విడిచే ఏర్పాటు చేసినారు. 2022లో నగరపాలక సంస్థ ఉద్యోగులు సోమవారం నాడు సొంత వాహనాలు మాని బస్సులోనో, సైకిలుపైనో, నడిచియో రావలెనని నిర్ణయించుకొన్నారు.

ఇతర దేశాల అనుభవమేమి? 1971లో హాలెండులో నాలుగు వందలకు పైగా పిల్లలు రోడ్డు ప్రమాదాలలో మరణించినారు. తల్లిదండ్రులు వీధులలోకి వచ్చి నిలదీసినారు. 1973 నవంబరులో చమురు కొరత వలన అక్కడ ఆదివారాలు కార్లు నిలిచిపోయినవి. నిశ్శబ్దమైన వీధి ఎట్లుండునో జనానికి అనుభవానికి వచ్చినది. దరిమిలా ఆ దేశం సైకిలు దారులకు పేరొందినది. సింగపూరు 1975లో నగర మధ్యానికి ఉదయవేళ వచ్చే కార్లపై రుసుము విధించినది. ఒకచోట ప్రజల పట్టుదల, మరొకచోట ప్రభుత్వ శాసనం పనిచేసినవి. ఒక్కనాటి ఉపవాసంతో మాత్రం ఎక్కడా రోగం కుదరలేదు.

ఈ పాఠానికి మనము హాలెండు దాకా పోనక్కరలేదు. ఉక్కునగరం కాలనీనే చూడవచ్చును. సెక్టర్లుగా తీర్చిన ఆ కాలనీలో బడి, అంగడి, ఆటస్థలం ఇండ్లకు దాపులోనే ఉంచినారు. చెట్ల నీడన నడచి పోగల దూరానికి ఎవరును కారు తీయరు. జనం బద్ధకస్తులగుటచే వాహనాలు పెరుగలేదు. పని ఒకచోట, ఇల్లు ఒకచోట పెట్టి, నడుమ కాలిబాటయైనను లేకుండ చేయుటచే పెరిగినవి. కనుక వేళకు వచ్చే బస్సు, తెగని కాలిబాట, భయం లేకుండ దాటగల కూడలి – ఈ మూడును సమకూర్చిన పిదపనే పౌరునికి హితవు చెప్పుట ఉచితం.

మోటారుకు కావలసిన ఉక్కును, పెట్రోలును కూడ తయారుచేసే ఊరు ఇది. ఉక్కు మన హక్కని పోరాడిన జనానికి, బిడ్డ చేయి పట్టుకొని నిర్భయంగా రోడ్డు దాటుట కూడ హక్కేయని వేరుగ చెప్పవలెనా?